కొట్టుకు అప్పు ఎంత అన్నది తర్వాత, కిస్తీ ఏ నెలలో అన్నది ముందు

గ్రూపు లోన్ల కంపెనీ అమ్మగారి పేరున ఇస్తామన్న ఆ వారం కిస్తీల లక్ష మాత్రం తీసుకోకండి. ఎందుకో చెప్పాలంటే మీ కొట్టు లెక్క మొత్తం విప్పాలి, అందుకే జవాబు పొడుగవుతుంది. ఓపిగ్గా చదవండి.

మీరు రాసింది ఇదీ: వరంగల్ పక్కన పత్తి, మిర్చి పండే ఊరు. నాన్నగారి కిరాణా కొట్టు పాతికేళ్లుగా నడుస్తోంది. గిరాకీ తగ్గలేదు కానీ గల్లాలో డబ్బు నిలవడం లేదు. అరువు పద్దు నాలుగు లక్షలు దాటింది. డిగ్రీ అయిపోయిన మీరు ఐదు లక్షల ముద్ర లోను తీసుకుని, ఫ్రిజ్, ర్యాకులు పెట్టి కొట్టు పెద్దది చేద్దామనుకుంటే బ్యాంకు తిప్పుతోంది. ఈలోగా గ్రూపు లోన్ల కంపెనీవాళ్లు అమ్మగారి పేరున లక్ష ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా, అసలు మా లాంటి ఊళ్లలో చిన్న వ్యాపారం ఎందుకు ఎదగదు అన్నది మీ ప్రశ్న.

నేను గ్రామీణ బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చేరి మేనేజరుగా రిటైరయ్యాను. ఎక్కువ కాలం వరంగల్, ఖమ్మం వైపే చేశాను. పత్తి ఊళ్ల కొట్లు, వాటి పద్దులు నాకు కొత్త కాదు.

ఒక లక్ష రూపాయల సరుకు అరువు మీద పోయిందనుకోండి. బియ్యం, నూనె, పప్పు, సబ్బులు అన్నీ కలిపి నూటికి పది మిగులుతుందనుకుందాం. నూనె, చక్కెరల మీద అంత కూడా రాదని మీకు తెలుసు. అంటే సరుకు కొన్నది 90 వేలకు. జూన్‌లో గింజలు పెట్టేటప్పుడు పోయిన సరుకు బాకీ, పత్తి ఏరి అమ్మాక డిసెంబరులో వస్తుంది. ఆ 90 వేలు హోల్‌సేల్ షాపులో బాకీ పెట్టినా, బయట తెచ్చినా రెండు రూపాయల వడ్డీ తప్పదు. నెలకు 1,800, ఆరు నెలలకు 10,800. మీ లాభం 10,000. లక్ష రూపాయల వ్యాపారం చేసి 800 చేతి నుంచి పెట్టుకున్నారు. ఇంకా ఒక్క బాకీ కూడా ఎగిరిపోలేదు, కరెంటు బిల్లు కట్టలేదు, పొద్దున ఆరింటి నుంచి రాత్రి తొమ్మిదింటి దాకా కూర్చున్న నాన్నగారి కష్టానికి పైసా కట్టలేదు.

గిరాకీ ఉన్నా గల్లా ఖాళీగా ఉండటానికి కారణం ఇదే. ఊరికి వడ్డీ లేని పంట రుణం ఇస్తున్నది మీ నాన్నగారు. ఆ రుణానికి వడ్డీ కడుతున్నదీ ఆయనే.

దీనికి తోడు ఇంకొకటి. చేతిలో డబ్బున్న నెలలో ఊరు మీ కొట్టుకు రాదు. పత్తి పైసలు ఖాతాలో పడగానే జనం పట్నం పోతారు, సూపర్‌మార్కెట్‌లో నెల సరుకు ఒకేసారి తెచ్చుకుంటారు. అక్కడ ధర కాస్త తక్కువ, పిల్లలకు తిరిగినట్టూ ఉంటుంది. ఫోన్‌పే, గూగుల్ పే వచ్చాక జేబులో నోట్లు లేకపోయినా పని జరిగిపోతోంది. ఆ డబ్బు అయిపోయాక, ఉప్పు ప్యాకెట్టుకో అగ్గిపెట్టెకో మొదలుపెట్టి మళ్లీ మీ పద్దులోకి వస్తారు. నగదు బేరం పట్నానికి, అరువు బేరం ఊరికి. మీరు ఫ్రిజ్, ర్యాకులు పెట్టి సరుకు రెట్టింపు చేస్తే రెట్టింపయ్యేది ఎక్కువగా ఈ అరువు బేరమే. ఐదు లక్షల లోనుతో కొట్టు పెద్దది చేయాలన్న ఆలోచన నాకు నచ్చకపోవడానికి కారణం అది. బ్యాంకు తిప్పడం వేరే సంగతి, దానికి తర్వాత వస్తాను.

"అరువు రేపు" అని బోర్డు పెట్టమని మీకు చాలామంది చెప్పి ఉంటారు. ఊళ్లో కొట్టు పెట్టినవాడు ఎవడూ ఆ సలహా ఇవ్వడు. అరువు ఆపితే గిరాకీ సగం ఆగుతుంది, పాత బాకీ కూడా ఆగుతుంది. బాకీ ఉన్నవాడు కొత్త సరుకు దొరుకుతుందన్న ఆశ ఉన్నంతకాలమే మీ గడప తొక్కుతాడు.

అరువు ఎవరు ఎక్కువ పెడుతున్నారో పద్దు తీసి చూడండి. నా అంచనా, సగం మంది కౌలు రైతులు ఉంటారు. పట్టా వేరొకరి పేరున ఉంటుంది కాబట్టి రైతు భరోసా పట్టాదారుకే పోతుంది, బ్యాంకు పంట రుణమూ ఆయనకే. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో కౌలుదారులకు కార్డులిచ్చే చట్టం తెచ్చారు. కార్డు చేతిలో ఉన్నా జామీను లేకుండా లోనివ్వడానికి బ్యాంకులు వెనకాడాయి, సంతకం పెడితే భూమి పోతుందేమోనని పట్టాదారులు భయపడ్డారు. కాబట్టి కౌలు రైతు విత్తనం, ఎరువు, పురుగుమందు అన్నీ ఎరువుల కొట్టులో ఉద్దెరకు తెస్తాడు. పంట ఆ కొట్టతనికో, అతను చెప్పిన కమీషన్ ఏజెంటుకో వేయాలి. అక్కడ కాంటా దగ్గరే బాకీ, వడ్డీ పట్టుకుని మిగిలింది చేతిలో పెడతారు. తర్వాత కౌలు. తర్వాత భార్య పేరున ఉన్న గ్రూపు లోను, అది ఆగితే ఇంటి ముందు కూర్చుంటారు. తర్వాత పిల్లల ఫీజు. కిరాణా బాకీ ఈ వరుసలో చిట్టచివర. మీ నాన్నగారు మంచాయన కాబట్టి ఇంకా చివర.

పంట ధర పడిపోయిన ఏడు ఆ చివరిదాకా డబ్బు రాదు. 2025 మొదట్లో మిర్చి సంగతి గుర్తుందిగా. అంతకుముందు రెండేళ్ల ధర చూసి అందరూ వేశారు, తీరా కోతకొచ్చేసరికి ధర సగానికి దగ్గరగా జారింది. గుంటూరు వైపు గోల పెద్దదయ్యాక కేంద్రం మార్కెట్ జోక్యం పథకం కింద ఆంధ్రప్రదేశ్‌కి క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించింది. ఆ వార్తల్లో రైతు ఉన్నాడు, ఉండాల్సిందే. ఆ రైతుకు ఆర్నెల్లు ఉప్పు, పప్పు అరువిచ్చినవాడి కోసం ఏ పథకమూ లేదు.

ఇక్కడ బ్యాంకు నిబంధన ఒకటి చెప్పాలి. బయటివాళ్లకు పెద్దగా తెలియదు. రైతు తీసుకున్న స్వల్పకాలిక పంట రుణం గడువు దాటినా, రెండు పంట కాలాలు గడిచేదాకా దాన్ని మొండి బాకీ కింద రాయరు. పంట రావాలి, అమ్మాలి, అప్పుడే కట్టగలడు అన్న ఇంగితం ఆ నిబంధనలో ఉంది. అదే ఊళ్లో, అదే పంట మీద బతికే కిరాణా కొట్టుకు, టైరు పంక్చర్ షాపుకు, టైలరుకు ఇచ్చిన లోను 90 రోజులు ఆగితే మొండి బాకీ. రైతు డబ్బు డిసెంబరులో వస్తే ఆయనకు అరువిచ్చిన కొట్టతని డబ్బు ఆగస్టులో ఎలా వస్తుంది? ఊళ్లలో చిన్న వ్యాపారం ఎందుకు ఎదగదు అంటే నేను మొదట చూపించేది ఈ తేడానే. అప్పు దొరక్కపోవడం రెండో కారణం. దొరికిన అప్పు ఊరి క్యాలెండరుకు పొసగకపోవడం మొదటిది.

ఇప్పుడు అమ్మగారి పేరున ఇస్తామన్న లక్ష చూద్దాం. 24 శాతం వడ్డీతో రెండేళ్లకు అయితే వారానికి 1,200 పైన పడుతుంది. మొదటి కిస్తీ వచ్చే వారమే. జూన్‌లో తీసుకుని సరుకు వేస్తే, పత్తి పైసలు ఊళ్లోకి వచ్చేలోపు పాతిక కిస్తీలు, అంటే 30 వేలు కట్టేసి ఉంటారు. ఎక్కడి నుంచి కట్టారు? ఆ లక్షలో నుంచే. అంటే సరుకులోకి వెళ్లింది 70 వేలు, వడ్డీ మాత్రం లక్షకు మొదలైంది. మీ అమ్మగారు పాలో కూరగాయలో అమ్ముతూ వారం వారం చేతికి డబ్బు తెచ్చుకునే మనిషైతే ఈ లోను ఆవిడకు పనికొస్తుంది, కాదనను. మీ కొట్టుకు పనికిరాదు.

రోజూ కొట్టుకొచ్చి వసూలు చేసుకునే లైన్ వడ్డీ వాళ్ల జోలికైతే అసలు పోకండి. పదివేలని చెప్పి వెయ్యి ముందే పట్టుకుని తొమ్మిది వేలిస్తారు, రోజుకు వంద చొప్పున వంద రోజులు. "వెయ్యే కదా" అనిపిస్తుంది. రోజూ అసలు తగ్గుతూ పోతోందన్నది లెక్కలో పెడితే ఏడాదికి 77 శాతం దాకా తేలుతుంది.

వారం కిస్తీల గొడవ మన దగ్గర కొత్తది కాదు. 2010లో ఒక్కో ఆడమనిషి పేరున నాలుగైదు కంపెనీల లోన్లు పేరుకుని, వసూళ్ల ఒత్తిడికి ఆత్మహత్యలు జరిగాయన్న వార్తలు వచ్చాక అక్టోబరులో ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చింది. వసూళ్లు ఒక్కసారిగా నిలిచిపోయాయి, కంపెనీలు రాష్ట్రం నుంచి సర్దుకున్నాయి. రిజర్వు బ్యాంకు మాలెగామ్ కమిటీ వేసి కొత్త నిబంధనలు తెచ్చింది. 2023లో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు దగ్గర నమోదైన సంస్థలకు ఆ ఆర్డినెన్సు స్థానంలో వచ్చిన రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పాక వాళ్లు మళ్లీ మన ఊళ్లలో కనబడుతున్నారు. కాబట్టి ఇప్పుడున్న నిబంధనలు తెలుసుకుని ఉండటం మంచిది. 2022 ఏప్రిల్ నుంచి, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయం ఉన్న కుటుంబానికి ఇచ్చే ఇలాంటి లోన్లలో, ఇంట్లో అందరి కిస్తీలు కలిపి నెల ఆదాయంలో సగం దాటకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత వసూలుకు ఫోన్లు చేయకూడదు. అన్నిటికంటే మీకు ముఖ్యమైనది: కిస్తీ వారానికా, పక్షానికా, నెలకా అన్నది తీసుకునేవాళ్ల అవసరాన్ని బట్టి మార్చుకునే వెసులుబాటు ఇచ్చేలా సంస్థకు విధానం ఉండాలి. కంపెనీవాళ్లు గ్రూపును కూర్చోబెట్టే సెంటర్ మీటింగ్‌లో ఈ చివరి మాట ఎవరూ చెప్పరు. మీరే అడగాలి.

కిస్తీ ఎప్పుడు మొదలవుతుందన్నది చిన్న విషయం కాదని చెప్పడానికి నా అనుభవం ఒక్కటే ఆధారం కాదు. కోల్‌కతాలో పరిశోధకులు కొందరు మహిళలకు రెండు వారాల తర్వాత, కొందరికి రెండు నెలల తర్వాత మొదటి కిస్తీ పెట్టి చూశారు. రెండు నెలలు ఆగినవాళ్లు వ్యాపారంలో ఎక్కువ పెట్టారు, కొన్నేళ్ల తర్వాత వాళ్ల లాభాలు కూడా ఎక్కువ తేలాయి. అయితే వాళ్లలో ఎగ్గొట్టినవాళ్లూ ఎక్కువే. కంపెనీలు వారం కిస్తీని ఎందుకు వదలవో ఆ రెండో సగం చెబుతుంది. హైదరాబాద్‌లో 104 బస్తీల మీద ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో తదితరులు చేసిన అధ్యయనంలోనూ గ్రూపు లోన్ల వల్ల అప్పటికే వ్యాపారం ఉన్నవాళ్ల పెట్టుబడి కొంత పెరిగింది తప్ప, సగటు ఇంటి ఖర్చులో చెప్పుకోదగ్గ మార్పు కనబడలేదు.

సరే, మరి ఏం చేయాలి? బ్యాంకుకే వెళ్లండి, కానీ వేరేలా అడగండి. ఐదు లక్షల టర్మ్ లోను, అంటే ఒకేసారి తీసుకుని కిస్తీల్లో తీర్చేది, అడక్కండి. రెండు లక్షల సీసీ (క్యాష్ క్రెడిట్) లిమిట్ అడగండి, అంటే ఆ హద్దులోపు కావలసినప్పుడు తీసుకుని, ఉన్నప్పుడు వేసే ఖాతా. ముద్రలో 50 వేల దాకా శిశు, ఆపైన 5 లక్షల దాకా కిశోర్. ఇది టర్మ్ లోనుగానే ఇవ్వాలన్న రూలేమీ లేదు, సీసీగా కూడా ఇస్తారు. జామీను ఆస్తి అడగకూడదు. సీసీలో వాడుకున్నంతకే, వాడుకున్నన్ని రోజులకే వడ్డీ. జూన్‌లో తీసి సరుకు వేసుకుంటారు, డిసెంబరు నుంచి వచ్చిన బాకీలన్నీ అందులో వేస్తారు. పైన వేసిన లెక్కనే 12 శాతంతో మళ్లీ వేయండి: 90 వేలకు ఆరు నెలల వడ్డీ 5,400. లక్ష వ్యాపారంలో 800 పోవడం బదులు 4,600 మిగిలింది. కొట్టులో ఒక్క ర్యాకు కూడా పెరగకుండానే.

ఒక హెచ్చరిక. సీసీకీ ఆ 90 రోజుల కత్తి ఉంది. లిమిట్ నిండా తీసేసి వదిలేయకూడదు, ప్రతి నెలా కనీసం పడిన వడ్డీ మేరకైనా జమ పడాలి. రోజువారీ నగదు అమ్మకాన్ని ఇంట్లో పెట్టుకోకుండా ఆ ఖాతాలోనే వేస్తూ, అందులో నుంచే సరుకు కొంటూ ఉంటే ఈ బాధ ఉండదు. లిమిట్ వచ్చింది కదా అని చెల్లెలి పెళ్లికి తీసిన సీసీలు ఎలా ముగిశాయో నేను చాలా చూశాను.

బ్యాంకు ఎందుకు తిప్పుతుందో కూడా చెప్తాను. మేనేజరుకు మీ మీద కోపమేమీ లేదు. రెండు లక్షల లోనుకు చేసే కాగితం పనికీ, ఇరవై లక్షల లోనుకు చేసేదానికీ పెద్ద తేడా ఉండదు. బ్రాంచిలో ఫీల్డుకు పోయే మనిషి ఒకరో ఇద్దరో, వాళ్ల మీదే పంట రుణాల రెన్యువళ్లు, సంఘాల లోన్లు. వచ్చినాయన రెండేళ్లలో బదిలీ అయి పోతాడు, అతను ఇచ్చిన లోను మునిగితే మెమో మాత్రం వెంట వస్తుంది. అందుకని కాగితం బలంగా లేని లోను పక్కకు పోతుంది. మీరు చేయాల్సింది ఆయన పని తేలిక చేయడం. ఏడాది బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకెళ్లండి, యూపీఐ జమలు అందులో కనబడతాయి. హోల్‌సేల్ బిల్లులు ఫైలు చేయండి. ఉద్యం రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేసుకోండి, 2021 నుంచి చిల్లర వర్తకులకూ ఇస్తున్నారు. పైసా ఖర్చు కాదు, డబ్బులడిగే ఏజెంట్ల దగ్గరికి పోవద్దు. నాన్నగారి పాత లోన్ల చరిత్ర చూపే సిబిల్ రిపోర్టు ఏడాదికోసారి ఉచితంగా వస్తుంది, ముందే తీసి చూడండి. ఎవరికో జామీను ఉండి మరచిపోయిన లోను అందులో బయటపడటం మామూలే. లోను ఎందుకు ఆగిందో తెలియక ఏడాది తిరిగే చాలామంది కథ అక్కడే ఉంటుంది.

ఇంకో దారి అమ్మగారి మహిళా సంఘం. సంఘాలకు బ్యాంకు నేరుగా లోనిచ్చే బ్యాంకు లింకేజీలో 3 లక్షల లోపు సంఘం లోనుకు ఏడు శాతమే వడ్డీ. సంఘం పాతదై, పొదుపు సరిగా ఉంటే ఇంతకంటే చవక డబ్బు ఊళ్లో దొరకదు. కిస్తీ నెలవారీ కాబట్టి నెలనెలా డబ్బు తిరిగే దానికే వాడండి.

ఇక పద్దు పుస్తకం. దీన్ని పేర్ల వారీగా కాకుండా, ఆ ఇంటికి డబ్బు ఎప్పుడొస్తుందో దాన్ని బట్టి విడగొట్టండి. పింఛనుదారులు, అంగన్‌వాడీ టీచర్లు, ఆటోవాళ్లు, పాలు పోసేవాళ్లు నెలలోపు కట్టగలరు. వీళ్ల అరువు నెల దాటనివ్వకండి, కావాలంటే నెలాఖరున కట్టినవాళ్లకు ఏదో చిన్న వస్తువు ఊరికే ఇవ్వండి. పత్తి, మిర్చి ఇళ్లకు మాత్రం సీజనుకు ఇంత అని హద్దు పెట్టండి. ఆ హద్దు మీ సీసీ లిమిట్‌కు లోబడి ఉండాలి, మొహమాటానికి కాదు. బాకీదారు సంతకం ప్రతి సీజనుకూ పద్దులో తీసుకోండి. అరువు సరుకు బాకీ మీద దావాకు గడువు మూడేళ్లు, ఆ గడువు లోపల బాకీ ఒప్పుకుని సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ మూడేళ్లు. ఆరు వేలకు ఎవరూ కోర్టుకు పోరు, నిజమే. కానీ సంతకం పెట్టిన మనిషి నడక వేరేగా ఉంటుంది.

జీఎస్టీ గురించి క్లుప్తంగా: తెలంగాణలో సరుకులు అమ్మేవాళ్లకు రిజిస్ట్రేషన్ తప్పనిసరయ్యే అమ్మకాల హద్దు ఏడాదికి 20 లక్షలే, ఆంధ్రలో లాగా 40 లక్షలు కాదు. పన్ను లేని విడి బియ్యం, పప్పు అమ్మకం కూడా ఆ మొత్తంలో కలుస్తుంది. ఆ హద్దుకు దగ్గర్లో ఉంటే కాంపోజిషన్ అనే, చిన్న వ్యాపారులు అమ్మకం మీద ఒక శాతం కట్టే పద్ధతి చూసుకోండి. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న దుకాణాలకు నోటీసులిచ్చాక చాలామంది క్యూఆర్ కోడ్ తీసేశారు. మీరు ఆ పని చేయకండి. మీ లోనుకు సాక్ష్యం ఆ యూపీఐ జమలే.

మీ ఊరికి దూరం కాదు కాబట్టి వీలైతే ముల్కనూరు ఒకసారి పోయి రండి. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి పెట్టిన సహకార సంఘం అది. రుణం, విత్తనం, ఎరువు, పంట అమ్మకం అన్నీ ఒకే గొడుగు కింద ఉంటాయి. రైతు పంట సంఘానికే వేస్తాడు, బాకీ అందులో నుంచే తీరుతుంది. అంటే డబ్బు వచ్చే రోజే కట్టే రోజు. 2000లో అక్కడే ఆడవాళ్లు పాల డెయిరీ పెట్టుకున్నారు. పాల డబ్బులు పంట దాకా ఆగవు, కాబట్టి అలాంటి ఊళ్లో కిరాణా అరువు ఆర్నెల్లు సాగాల్సిన పని ఉండదు. ఇలాంటి సంఘాన్ని మీరొక్కరే కట్టలేరు, ఆ మాటా నిజమే. కానీ మీ ఊళ్లో పాల సేకరణ కేంద్రం లేకపోతే, మీ కొట్టు అరుగు మీద అది పెట్టించడం ఫ్రిజ్ కన్నా మంచి పెట్టుబడి అని నా అభిప్రాయం. పాల బిల్లు మీ అరుగు మీదే అందితే కిరాణా బాకీ వరుసలో చివర నుంచి ముందుకొస్తుంది.

ఇంతకంటే కచ్చితంగా చెప్పాలంటే నాకు మూడు విషయాలు కావాలి. ఆ నాలుగు లక్షల బాకీలో ఏడాది దాటినది ఎంత, హోల్‌సేల్ షాపుకు మీరు ఇవ్వాల్సింది ఎంత, రోజుకు నగదు, యూపీఐ కలిపి అమ్మకం ఎంత. ఎవరి పేర్లూ వద్దు, అంకెలు చాలు. అవి రాస్తే సీసీ ఎంతకు అడగాలో లెక్కేసి చెప్తాను.